కూడికలో బాధ చెప్పుకుంటే అది సణుగుడేనా?

పనల_గట్టు:

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమేగానీ రాయడం ఇదే మొదలు. మాది బాపట్ల వైపు పల్లె. సొంత పొలం లేదు, మూడెకరాలు కౌలు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుఫాను మా దగ్గరే తీరం దాటింది. అప్పటికి మా వరి కోసి పనల మీద ఉంది. నీళ్లు తీశాక వెళ్లి ఒక పన ఎత్తి చూస్తే కంకికి కంకే మొలకెత్తి ఉంది. తెల్లగా, గోరంత మొలకలు. లోపలికి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. బతికిన గింజేమో రంగు మారింది. తేమ 17 శాతం దాటితే కొనరు కదా, ఆ ముసురులో ఆరబెట్టేదెక్కడ? దళారి చెప్పిన రేటుకే ఇచ్చేశాం. కౌలు మాత్రం ముందే కట్టేశాం.

ఆ పంటకి చేసిన అప్పు ఇంకా మా మీదే ఉంది. మొన్న శుక్రవారం ఉపవాస కూడికలో సాక్ష్యాలు చెప్పమంటే లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. దేవుడి మీద కోపంగా ఉంది, నోట ప్రార్థన రావడం లేదు, నా బదులు మీరెవరైనా చేయండి అన్నాను. నేను కూర్చోకముందే ఒక పెద్దామె, "అమ్మా, సణగకూడదు. సణిగే ఇశ్రాయేలీయులు అరణ్యంలో రాలిపోయారు. నీకన్నా పోగొట్టుకున్నవాళ్లు లేరా? స్తోత్రం చెప్పు" అంది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటుంటే అప్పుడు తట్టింది, దేనికి ఆమేన్ అన్నానా అని.

ఆమె చెడ్డ మనిషి కాదు. మా అబ్బాయికి జ్వరం వచ్చినప్పుడు రాత్రంతా మా ఇంట్లోనే కూర్చుంది. ఆమె మీద చెప్పడానికి రాయడం లేదు. కూడికలో బాధ చెప్పుకుంటే అది సణుగుడేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెరయ_1961:

చెల్లెమ్మా, మీ నష్టం విని చాలా బాధగా ఉంది. మాది ఒంగోలు పక్కనే. పనల మీద వాన పడటమంటే ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేదు. అయినా మీరు ప్రశ్న అడిగారు కాబట్టి వాక్యమే చెప్పాలి.

ఫిలిప్పీ 2:14. "సణుగులును సంశయములును మాని, సమస్త కార్యములను చేయుడి." రాసింది పౌలు, అదీ సంకెళ్లలో ఉండి. కడుపు నిండినవాడు మేడ మీద కూర్చుని రాసిన మాటైతే పక్కన పెట్టొచ్చు. 1 కొరింథీ 10లో, ఐగుప్తు బానిసత్వం నుంచి మోషే వెంట బయటికొచ్చి అరణ్యంలో నశించినవాళ్లను చూపించి, వాళ్లలా సణగొద్దని మళ్లీ హెచ్చరించాడు. 1 థెస్సలొనీక 5:18లో "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అన్నాడు. తుఫాను తప్ప అనలేదు.

నలభై ఏళ్లుగా కూడికల్లో కూర్చుంటున్నవాణ్ణి. ఈ వారం ఒకరు కష్టం చెప్పుకుంటే వచ్చే వారం నలుగురు చెబుతారు. నెల తిరిగేసరికి అయ్యగారి మీద, కానుకల లెక్క మీద, చివరికి మైకు మీద. ప్రార్థన కూడిక రచ్చబండ అయిపోతుంది. కనాను దేశం చూసిరావడానికి పన్నెండుమంది వేగులవాళ్లు వెళ్లొస్తే, అక్కడివాళ్లను గెలవలేమన్న పదిమంది మాట చాలింది, రాత్రికి రాత్రి జనమంతా ఏడ్పులు (సంఖ్యాకాండం 14). అంటుజబ్బు అది. ఆ పెద్దామె చెప్పిన తీరు గట్టిగా ఉండొచ్చుగానీ మాటలో తప్పు లేదు.

ఉల్లి_వెల్లుల్లి:

నా పేరు చూసి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, సంఖ్యాకాండం 11:5లోంచే తీసుకున్నా. "ఐగుప్తులో మేము ఉచితముగా తినిన చేపలును కీరకాయలును దోసకాయలును కూరాకులును ఉల్లిపాయలును తెల్ల గడ్డలును..." మా అమ్మ సంతకి రాసిచ్చే చీటీలా ఉంటుంది. అందులో నేనెప్పుడూ ఆగిపోయేది "ఉచితముగా" దగ్గర. బానిసలకి ఉచితమేంటండీ? ఇటుకలు చేసి, వీపు మీద దెబ్బలు తిని, మగబిడ్డల్ని నదిలో పోగొట్టుకుని తిన్న కూడు. అది ఫ్రీ అట! సణిగేవాడు ముందు లెక్క తప్పు చెబుతాడు. పాత బాధ కొట్టేస్తాడు, ఇప్పటి మేలు కొట్టేస్తాడు.

పనల గట్టు అక్క పోస్టు రెండోసారి చదివాను. మూడెకరాలని మూడెకరాలే అన్నారు. తిట్టిన మనిషి చేసిన మేలు కూడా మర్చిపోకుండా రాశారు. ఆ లెక్కన ఈవిడది అరణ్యం బాపతు కాదని నా ఓటు.

సెమినరీ_మెట్లు:

బెరయ గారూ, మీరు చూపించిన ఫిలిప్పీ 2:14లో "సణుగులు" అన్నచోట గ్రీకు మాట గొంగుస్మోస్. వింటుంటే మన గొణుగుడే గుర్తొస్తుంది. నోట్లో నోట్లో నసిగే చప్పుడు ఏ భాషవాడికైనా ఒకటే కాబోలు. సరే, అదే మాట అపొస్తలుల కార్యములు 6:1లోనూ ఉంది. యెరూషలేము సంఘంలో రోజూ పంచేటప్పుడు తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకుభాష మాట్లాడే యూదులు "సణుగసాగిరి". మన తెలుగు బైబిల్లో కూడా ఆ క్రియే వాడారు.

మరి పన్నెండుమంది అపొస్తలులు ఏం చేశారు? అరణ్యంలో రాలిపోయినవాళ్లని గుర్తు చేసి కూర్చోబెట్టలేదు. సంఘమంతటినీ పిలిచి ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు ఒకసారి చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఎవరు సణిగారో వాళ్ల వైపువాళ్ల చేతికే గరిటె ఇచ్చారు! ఆ తర్వాతి మాటే దేవుని వాక్యం ప్రబలమైందని, శిష్యుల సంఖ్య విస్తరించిందని.

ఇక సంఖ్యాకాండం 11. జనం ఏడ్చారు, దేవుడికి కోపం వచ్చింది, నిజమే. కానీ అదే అధ్యాయంలో మోషే ఏమన్నాడు? ఈ జనాన్నంతా నేనే కన్నానా, వీళ్లని మోయడం నావల్ల కాదు, ఇలాగైతే నన్ను చంపెయ్ అన్నాడు. ఆ పెద్దామె కూడికలో ఉండుంటే మోషేకీ గట్టిగా పడేది. దేవుడు మాత్రం భారం పంచుకోవడానికి డెబ్బైమంది పెద్దల్ని ఇచ్చాడు.

బెరయ_1961:

తమ్ముడూ, బాగా చదివావు. అపొస్తలుల కార్యముల సంగతి నేను ఆలోచించనిది, ఒప్పుకుంటాను. అయితే రెండు మాటలు.

మోషే ఎవరితో చెప్పాడు? దేవుడితో. జనం ఎక్కడ ఏడ్చారు? ఎవరి గుడారం గుమ్మంలో వాళ్లు కూర్చుని. ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో కూడా గుడారాల్లో సణిగారనే ఉంది. దేవుడి దగ్గర పెట్టుకుంటే మొర, పక్కింటావిడ దగ్గర పెట్టుకుంటే సణుగుడు. మన భాషలోనే రెండూ వేరు. ఈ చెల్లెమ్మ లోపల గది తలుపేసుకుని ఇదంతా దేవుడితో చెప్పుకుంటే నేనొక్క మాట అనను.

రెండోది. విధవరాండ్రకు అన్యాయం చేసింది మనుషులు, కాబట్టి మనుషులు సరిచేశారు. తుఫాను వడ్డించింది సంఘ పెద్దలు కాదు కదా. మరి ఈ ఫిర్యాదు ఎవరి మీద? ఇంకో వచనం కూడా మర్చిపోవద్దు. ఎఫెసీ 5:20 "సమస్తమునుగూర్చి" అంటోంది. సమస్తమంటే సమస్తమే.

రాత్రి_కాపరి:

మా నాన్నకి మూడేళ్లుగా డయాలసిస్. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు. సెంటర్‌కి తీసుకెళ్లేది, రాత్రిళ్లు కాళ్లు లాగుతుంటే పట్టేది నేనే. అందుకే ఈ పేరు.

మా ఇంటికి ప్రార్థన చేయడానికి చాలామంది వస్తారు. ప్రేమగానే వస్తారు, నూటికి తొంభైమంది కొబ్బరిబొండాలు పట్టుకొస్తారు. జబ్బు మనిషికి కొబ్బరినీళ్లు మంచివని మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు కదా. కానీ డయాలసిస్ పేషెంటుకి అవి ప్రమాదం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె మీదకి వస్తుంది. నాన్నకి మామూలు నీళ్లే రోజుకి లీటరు దాటనివ్వం. వచ్చినవాళ్లు గ్లాసులో పోసి "తాగండి అంకుల్, చలవ" అంటే వద్దని చెప్పడానికి నాకు మొహమాటం. చెబితే చిన్నబుచ్చుకుంటారు.

"స్తోత్రం చెప్పండి" అన్న మాట కూడా నాకు ఆ బొండంలాగే అనిపిస్తుంది. మంచిదే. ఈ మనిషికి ఇప్పుడు పడుతుందా అని ఒక్కసారి అడిగి ఇవ్వొచ్చు కదా.

బెరయ అంకుల్, మీరు లోపల గది అన్నారు. నాకు లోపల గది లేదు. ఉన్న ఒక్క గదిలో నాన్న మంచం ఉంది. ఆయన ముందు ఏడవలేను. ఏడిస్తే కూడికలోనే ఏడవాలి. కీర్తన 88 చదివారా? మిగతా విలాప కీర్తనలు చాలావాటిలో చివరికొచ్చేసరికి స్తుతి వస్తుంది. ఇందులో రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. పైన చూస్తే అది కోరహు కుమారులది, ప్రధానగాయకునికి అని రాసి ఉంటుంది. అంటే గుడిలో అందరూ కలిసి పాడుకోవడానికి ఇచ్చారు, ఒక్కడే తలుపేసుకుని చదువుకోవడానికి కాదు.

కువైత్_పిచ్చుక:

నాది అన్నమయ్య జిల్లా. కువైత్‌లో ఇంటి పని చేస్తాండా, తొమ్మిదేండ్లయింది. మాకీడ ఆరాధన శుక్రవారమే. అదీ రెండు వారాలకొకసారి పంపిస్తారు.

అందరూ చెప్పుకోనీ చెప్పుకోనీ అంటాండారు గదా, నేను ఇంకో పక్క చెప్తా. మొదటి రెండేండ్లు నేనూ, పక్క బిల్డింగులో పని చేసే ఇద్దరూ, ఫోన్లో రోజూ ఇదే పని. మేడం ఇట్లన్నది, పిల్లోడు అట్ల చేసినాడు, ఊర్లో మొగుడు డబ్బులన్నీ తగలేసినాడు. అన్నీ నిజాలే, ఒక్కటీ అబద్ధం లేదు. కానీ ఫోను పెట్టేసినాక నిద్ర పట్టేది కాదు. అదే మాటలు తలలో తిరుగుతాండేవి. వాళ్ల బాధ కూడా నాకంటుకునేది, ఒకటికి మూడింతలు.

ఒకసారి వాక్యంలో అక్క ఒకామె చెప్పింది, దినం మూడు మేళ్లు రాయమని. నాకు చదువు తక్కువ. కాలెండరు కాగితాల వెనక రాస్తా. నా రూము అంటే వాషింగ్ మిషను పక్కన పరుపు. అందులో కూర్చోని రాసేది. "ఈ రోజు కుబ్బూస్ రొట్టె వేడిగా దొరికింది." "చిన్న పాప నా పేరు పెట్టి పిలిచింది." "కాలు నొప్పి తక్కువ." ఒక్కోనాడు మూడోది దొరకదు, అట్లే కూర్చుంటా. అప్పట్నుంచి రాసిన కాగితాలన్నీ ఇంకా పెట్టెలో ఉండాయి. బెరయ అన్న చెప్పిన అంటుజబ్బు మాట నిజమేనన్నా. నేను పడినా.

అయితే ఇంకోటి. పోయిన ఇంట్లో నాలుగు నెలలు జీతం ఇయ్యలా. నేను "ప్రభువా స్తోత్రం, నువ్వే చూసుకో" అని ఊరుకున్నా. ఆ మూడు మేళ్ల అక్కే నా చెయ్యి పట్టుకోని ఎంబసీకి తీసకపోయింది. కంప్లైంటు ఆమే రాసింది, నేను సంతకం పెట్టినా. బయటికొచ్చి బస్సు కోసం నిలబడి ఇద్దరం స్తోత్రం చెప్పుకున్నాం. ఆ రాత్రి కాలెండరు వెనక రాసిన మొదటి మేలు, కంప్లైంటు రాసే అక్క దొరకడం.

ఉల్లి_వెల్లుల్లి:

పిచ్చుకమ్మా, ఆ చివరి మాట మా సండే స్కూల్ గోడ మీద రాయించాలి.

డోర్నకల్_జంక్షన్:

మాది డోర్నకల్. మా ఊర్ల ఎపిఫనీ కతీడ్రల్ కట్టించిన అజరయ్య బిషప్ ముచ్చట ఒకటి చెప్త, ఇండ్ల పనికొస్తది.

1910ల ఎడింబరోల ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైన ప్రతినిధులు, అండ్ల మన దేశపోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అజరయ్యకు అప్పుడు 35 ఏండ్లు. తిరునల్వేలి తమిళాయన, అంతకు ఏడాది ముందే డోర్నకల్‌ల పనికి దిగిండు. దొరలకు, ఇక్కడి సేవకులకు నడుమ ఉన్న ఎడం గురించి గా దొరల ముందల్నే మాట్లాడిండు. ఆఖరుకు ఏమన్నడు? మిషనరీల త్యాగానికి భారత సంఘం తరతరాలు కృతజ్ఞతతోని లేచి సాక్ష్యం చెప్తదన్నడు. మీరు బీదోళ్లకు ఆస్తులు పంచిన్రు, మీ శరీరాలను కాల్చుకోనిచ్చిన్రు అన్నడు. గది అయినంక, మేము ప్రేమ కూడ అడుగుతున్నం, మాకు స్నేహితులను ఇయ్యున్రి అన్నడు. గంతే. సభల కొంతమందికి మస్తు కోపమొచ్చిందట. రెండేండ్లకు, 1912 డిసెంబర్‌ల, ఆయన్నే డోర్నకల్ బిషప్‌గ అభిషేకం చేసిన్రు. ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్.

ఇప్పుడు చెప్పున్రి, గది స్తోత్రమా, సణుగుడా? ఒక్క నోటితోనే రెండూ అన్నడు. రెండోది అనకపోతే మొదటిది ఉత్త భజన అయ్యేది.

బెరయ పెద్దాయనా, తుఫాను మనుషులు వడ్డించింది కాదన్నరు. నిజమే. మరి కౌలు ముందే కట్టించుకున్నది ఎవరు? పంట పోయినంక నష్టపరిహారం ఎవరి పేరు మీద వచ్చింది? పనల గట్టక్క, కౌలు రైతువని సర్కారు ఇచ్చే కౌలు కార్డు నీకు ఉన్నదా? తుఫానుల సగం ఆకాశం నుంచి పడ్డది, సగం కాగితాల్లకెళ్లి పడ్డది. రెంటికీ ఒక్కటే స్తోత్రం చెప్పమంటే ఎట్ల? మా దగ్గర నేను గమనించిన ముచ్చట, సణగొద్దని చాప మీద కూసున్నోళ్లకు చెప్పినంతగ కుర్చీల కూసున్నోళ్లకు ఎవ్వరు చెప్పరు. 1950 ఉత్తర్వు సంగతి ఎత్తితే కూడ గిట్లనే, రాజకీయం వద్దు స్తోత్రం చెప్పున్రి అంటరు.

మోడరేటర్:

1950 ఉత్తర్వు మీద, అంటే క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు ఎస్సీ హోదా లేకపోవడం మీద, వేరే చర్చ నడుస్తోంది. అది అక్కడే కొనసాగించండి. ఇక్కడ ఎవరినీ ఆపడం లేదు, దారి తప్పకుండా చూస్తున్నానంతే.

పెనిన్నా_కాదు:

ఇంతమంది రాశారు, బిడ్డలు లేక ఏడ్చిన హన్నాని (1 సమూయేలు 1) ఒక్కరూ తలుచుకోలేదేంటి? షిలోహులో మందిరంలోనే ఏడ్చింది కదా, ఇంట్లో తలుపేసుకుని కాదు. పెదవులు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు. యాజకుడైన ఏలీ గుమ్మం దగ్గర కూర్చుని చూసి, తాగి వచ్చిందనుకున్నాడు. "ద్రాక్షారసం మానెయ్" అని గద్దించాడు. ఆమె ఊరుకోలేదు. నేను తాగలేదు అయ్యా, దుఃఖంలో ఉన్నాను, నా ప్రాణాన్ని యెహోవా ముందు కుమ్మరించుకుంటున్నాను అని ఆయనకే తిరిగి చెప్పింది. ఏలీ అప్పుడేం చేశాడో చూడండి. మాట వెనక్కి తీసుకుని, క్షేమంగా వెళ్లమని దీవించాడు. ఒక యాజకుడికి అంత తొందరగా దిగిరావడం మామూలు విషయం కాదు.

పనల గట్టు గారూ, మీరు హన్నాలో సగమే చేశారు. కుమ్మరించుకున్నారు. తిరిగి చెప్పలేదు, ఆమేన్ అనేశారు.

బెరయ_1961:

నిన్న రాత్రి ఇవన్నీ చదివి జవాబు రాద్దామని కూర్చుని రాయలేకపోయాను.

నా భార్య 2017లో ప్రభువు దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత రెండేళ్లు నేను సణుగుడుతోనే బతికాను. అన్నం మెత్తబడితే సణుగుడు, కరెంటు పోతే సణుగుడు. ఆ పిచ్చుకమ్మ చెప్పినట్టు అన్నీ నిజాలే. మా అమ్మాయి రోజూ ఫోన్ చేసేది. వారానికొకసారి అయింది. తర్వాత అల్లుడు చేసి "అమ్మాయి పనిలో ఉంది మామయ్యా" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు మనవడు వెనక నుంచి "మళ్లీ తాతయ్యేనా" అన్నాడు. వినబడింది. ఆ మాటతో నోటికి తాళం వేసుకున్నాను. పొద్దున లేవగానే కీర్తన 103 చదవడం అప్పుడు మొదలుపెట్టాను. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము." అది నన్ను మళ్లీ మనిషిని చేసింది. అందుకే ఈ విషయంలో గట్టిగా ఉంటాను. ఎవర్నో అణచాలని కాదు.

అయితే రాత్రి కాపరి బొండం సంగతి నన్ను పొడిచింది. మా వీధిలో ఒకాయనకి డయాలసిస్. నేనూ రెండుసార్లు బొండాలు పట్టుకెళ్లాను. ఆయన నవ్వి పక్కన పెట్టుకున్నాడు.

ఇంకొకటి ఆలోచించాను. ఆ రెండేళ్లలో నేను నిజంగా చెప్పాల్సిన మాట ఒక్కటే, ఆమె లేదు అని. అది ఎవరితోనూ చెప్పలేదు. అన్నం గురించి, కరెంటు గురించి చెప్పాను. ఎఫెసీ 5:20 మాత్రం వదలను. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

సెమినరీ_మెట్లు:

నిజమేనండీ, చెప్పలేదు. నా దగ్గర పూర్తి జవాబు లేదు కాబట్టే చెప్పలేదు. థెస్సలొనీకలో ఉన్నది "విషయమునందు", అంటే దాని మధ్యలో ఉండి. ఎఫెసీలో ఉన్నది "గూర్చి", అంటే దాని కోసమే. గ్రీకులోనూ ఆ తేడా ఉంది, తెలుగు అనువాదం ఏమీ కల్పించలేదు. ఎఫెసీ మాట కీర్తనలతో సంగీతాలతో ఒకరికొకరు చెప్పుకునే సందర్భంలో వచ్చిందని కొందరు అంటారు. ఆ కీర్తనల్లో 88 కూడా ఉంది కదా అని నేను నాకు చెప్పుకుంటాను. అయినా ఆ "గూర్చి" దగ్గర నాకింకా ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. మొలకెత్తిన పనని చూపించి "దీన్నిగూర్చి" అనమని ఇంకొకరికి చెప్పే ధైర్యం నాకు లేదు. ఎవరిది వాళ్లు అంటే వింటాను.

పనల_గట్టు:

ఇన్ని వస్తాయనుకోలేదు. ఫోన్లో చదివి మా ఆయనకి కూడా వినిపించాను. బొండాల దగ్గర నవ్వాడు. చాలా రోజులైంది ఆ మనిషి నవ్వి.

డోర్నకల్ అన్న అడిగారు కదా, కార్డు లేదన్నా. దానికి పొలం యజమాని సంతకం కావాలి. రాసిస్తే పొలం మీద హక్కొస్తుందేమోనని ఆయన భయం, పెట్టలేదు. పరిహారం మా దాకా రాలేదు. కూడికలో ఇది చెప్పనే లేదు నేను. దేవుడి మీద కోపమని చెప్పడం తేలికైంది, ఊళ్లో మనిషి పేరు చెప్పడం కష్టమైంది. ఇక్కడ రాస్తుంటేనే తెలిసింది ఈ సంగతి.

పెనిన్నా కాదు అక్క చెప్పాక పెద్దామె ఇంటికి వెళ్లాను. గుమ్మంలో మెంతికూర తుంచుతోంది. పక్కన కూర్చుని నేనూ ఒక కట్ట తీసుకున్నాను. "ఆ రోజు మీరు సణుగుడన్నారు, నేను ఏడుపు అనుకుని చెప్పాను" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. కూరంతా అయ్యాక, వాళ్లాయన చనిపోయిన ఏడాది కూడికలో ఒక పాస్టరుగారు తనకీ ఇదే మాట చెప్పారని, తను అప్పట్నుంచీ స్తోత్రంతోనే నెట్టుకొచ్చానని చెప్పింది. తర్వాత కార్డు సంగతి అడిగింది. "ఆ యజమాని భార్య నాకు తెలుసులే, ఈసారి నాట్లకి ముందే వెళ్లి సంతకం అడుగుదాం, నేనూ వస్తా" అంది. వచ్చేటప్పుడు మళ్లీ "స్తోత్రం మాత్రం మానకు" అంది. ఆవిడ మారదు!

రేపు శుక్రవారం వాక్యం చదివే వంతు నాది. కీర్తన 13 చదువుదామనుకుంటున్నా. ఆరు వచనాలే ఉన్నాయి.

బెరయ_1961:

మంచి ఎంపిక చెల్లెమ్మా. "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని మొదలై "ఆయనను కీర్తించెదను" దాకా వస్తుంది. ఆరో వచనం దాకా చదువుతారు కదా?

పనల_గట్టు:

నాలుగు దాకా నేను చదువుతానన్నాను అన్నగారూ. అయిదూ ఆరూ పెద్దామెని చదవమన్నాను. సరేనంది.